దాస్ రేసిస్ట్

దాస్ రేసిస్ట్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్కు నగరానికి చెందిన ఒక ప్రత్యామ్నాయ హిప్ హాప్ బృందము. 2008లో మొదలై 2012 డిసెంబరులో విడిపోయినది. బ్రూక్లిన్ ప్రాంతము వీరి కార్యక్షేత్రము. ఇందులో ముగ్గురు సభ్యులు - పంజాబీ కుటుంబానికి చెందిన హిమాంశు సూరి, ఆఫ్రో-క్యూబన్ మరియు ఇటాలియన్ మూలాలు గల విక్టర్ వాస్క్వెజ్, తెలుగు కుటుంబానికి చెందిన అశోక్ కొండబోలు. వీరు ఉచితంగా పంచిన రెండు మిక్స్‌టేపులు, అమ్మకానికి విడుదల చేసిన ఒక ఆల్బము ఈ బృందం ప్రధాన కృషి. రాశిలో ఇది ఎక్కువ కాదు. అయినా అమెరికాలో పుట్టి పెరిగిన దక్షిణాసియా సంతతి యువకులు హిప్ హాప్ వంటి కళలో తమ గొంతుతో, తమ అనుభవంతో నిలబడిన తొలి ప్రముఖ సందర్భాలలో ఇది ఒకటి కావడం వలన దీనికి ప్రాముఖ్యత ఉన్నది. వీరు నవ్వులాటకు పాడుతున్నారా, నిజంగానే పాడుతున్నారా అన్న ప్రశ్న మొదటినుండి చివరివరకు వీరిని వెంటాడినది.

పేరు

'దాస్' అన్న మాట చూసి ఇది రామదాసు, తులసీదాసు వంటి పేరని తెలుగు పాఠకులు భ్రమపడే అవకాశం ఉన్నది. దానికీ దీనికీ సంబంధం లేదు. 'దట్స్ రేసిస్ట్' అన్న ఆంగ్ల వాక్యాన్ని నోరు తిరగని చిన్నపిల్లవాడు పలికినట్లు పలికితే 'దాస్ రేసిస్ట్' అవుతుంది. 'అది జాతివివక్ష' అని దీని అర్థము. ఎమ్‌టీవీ2లో ప్రసారమైన 'వండర్ షోజెన్' అనే వ్యంగ్య కార్యక్రమంలో ఒక బాలుడు పలికిన మాటకు ఇది అనుకరణ. వివక్షను ఎత్తిచూపే మాట చివరకు ఒక ఊతపదంగా, హాస్యోక్తిగా మారిపోయిన తీరునే వీరు పేరుగా పెట్టుకున్నారు. ఫిర్యాదు, పరిహాసము రెండూ ఒకే మాటలో ఉండడం వీరి పాటలన్నిటికీ వర్తించే లక్షణము.

హిప్ హాప్ గురించి కొంత

హిప్ హాప్ న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతపు ఆఫ్రికన్ అమెరికన్, కరిబియన్, లాటినో యువకులు సృష్టించిన కళ. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక నివాస భవనంలో డీజే కూల్ హెర్క్ నిర్వహించిన విందును దీని పుట్టుకకు గుర్తుగా చెప్పుకుంటారు. పాత రికార్డులలోని తాళప్రధానమైన ముక్కను రెండు గ్రామఫోను పళ్ళాల మీద మార్చిమార్చి వాయిస్తూ సాగదీయడం డీజే పని. ఆ తాళానికి ప్రాసతో మాటలు అల్లి వేగంగా చెప్పడం ఎమ్‌సీ పని. దీనినే ర్యాప్ అంటారు. తరువాతి కాలంలో పాత పాటల ముక్కలను యంత్రంలో కత్తిరించి అతికి కొత్త బాణీ తయారు చేయడం ('శాంప్లింగ్') ఒక ప్రత్యేక విద్య అయినది. ఆ బాణీని 'బీట్' అనీ, తయారు చేసేవారిని ప్రొడ్యూసర్ అనీ అంటారు. ఈ ప్రొడ్యూసరు మన సినిమా నిర్మాత వంటి డబ్బు పెట్టే మనిషి కాదు, బాణీకర్త అని గమనించవలెను.

1980ల చివరలో డి లా సోల్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ వంటి బృందాలు వీధి తగాదాలు, ధనాడంబరము అనే వాడుక వస్తువులను వదిలి హాస్యము, తాత్వికత, జాజ్ బాణీల వైపు వెళ్ళాయి. అప్పటినుండి ఇటువంటి ధోరణికి 'ప్రత్యామ్నాయ హిప్ హాప్' అన్న పేరు స్థిరపడినది. వీరిలో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతం వారు. సూరి, కొండబోలు పెరిగినది కూడా క్వీన్స్ ప్రాంతంలోనే.

సభ్యులు, నేపథ్యము

1965లో అమెరికా తన వలస చట్టాన్ని సవరించిన తరువాత భారతదేశంనుండి వైద్యులు, ఇంజనీర్లు, వారి వెంట బంధువులు పెద్దసంఖ్యలో అక్కడకు వెళ్ళారు. వారిలో చాలామంది మొదట స్థిరపడిన చోటు క్వీన్స్. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఫ్లషింగ్ గణపతి ఆలయం ఈ ప్రాంతంలోనే ఉన్నది. కొండబోలు తల్లిదండ్రులు ఆంధ్ర ప్రదేశ్ నుండి వెళ్ళినవారు. అశోక్ అన్న హరి కొండబోలు అమెరికాలో పేరున్న హాస్య ప్రదర్శకుడు. మన కరీంనగర్, జగిత్యాల, ధర్మపురి ప్రాంతాల పాఠకులకు వలస అనగానే గల్ఫ్ దేశాలు గుర్తుకు వస్తాయి. అక్కడకు వెళ్ళినవారు కొన్నేళ్ళు కష్టించి తిరిగి వస్తారు, పిల్లలు ఇక్కడే పెరుగుతారు. అమెరికా వలస అటువంటిది కాదు. అక్కడ పుట్టిన పిల్లలకు అదే స్వదేశము. అయినా 'నీది ఏ ఊరు?' అని అడిగినవారికి 'క్వీన్స్' అంటే చాలదు, 'అది సరే, అసలు ఏ ఊరు?' అని రెండవ ప్రశ్న వస్తుంది. ఆ రెండవ ప్రశ్న ఎదురయ్యే జీవితమే ఈ బృందం పాటలకు ముడిసరుకు.

సూరి, కొండబోలు మాన్‌హట్టన్‌లోని స్టైవెసంట్ ఉన్నత పాఠశాలలో సహాధ్యాయులు. ప్రవేశపరీక్ష ద్వారా మాత్రమే విద్యార్థులను చేర్చుకునే ఈ ప్రభుత్వ పాఠశాల నాటి ప్రపంచ వాణిజ్య కేంద్రానికి కొద్ది వీధుల దూరంలోనే ఉన్నది. 2001 సెప్టెంబరు 11న ఆ జంట భవనాలు కూలినప్పుడు వీరిద్దరూ ఇక్కడ విద్యార్థులు. పాఠశాలను ఖాళీ చేయించి కొన్ని వారాలపాటు తరగతులను బ్రూక్లిన్‌లోని మరొక పాఠశాలలో నడిపారు. ఆ దాడి తరువాత గోధుమరంగు చర్మం ఉన్న ప్రతివారిమీద అనుమానపు చూపు పడినది. దాడి జరిగిన నాలుగవ రోజున, సెప్టెంబరు 15న, అరిజోనా రాష్ట్రంలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును ఒక దుండగుడు తలపాగా చూసి కాల్చి చంపాడు. తమ కళ్ళముందే కూలిన నగరంలో తామే పరాయివారుగా లెక్కకు రావడం ఈ తరం పిల్లలకు పదహారేళ్ళ వయసులో ఎదురైన అనుభవము. సూరి దానిని నేరుగా పాటలలోకి తేవడానికి పద్నాలుగేళ్ళు పట్టినది. బృందంగా ఉన్నప్పుడు అది నవ్వుల మాటున మాత్రమే కనిపిస్తుంది.

విక్టర్ వాస్క్వెజ్ కాలిఫోర్నియాలోని శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంవాడు. కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో సూరి చేరినప్పుడు అతని వసతిగృహంలో వాస్క్వెజ్ విద్యార్థి పర్యవేక్షకుడుగా ఉండేవాడు. వారి పరిచయం అక్కడ మొదలైనది. సూరి 'హీమ్స్' అనీ, వాస్క్వెజ్ 'కూల్ ఏ.డి.' అనీ, కొండబోలు 'డాప్‌వెల్' లేక 'డాప్' అనీ రంగస్థల నామాలు పెట్టుకున్నారు.

మూడవ మనిషి పని

సూరి, వాస్క్వెజ్ ర్యాప్ చెప్పేవారు. కొండబోలు 'హైప్ మ్యాన్'. పబ్లిక్ ఎనిమీ బృందంలో చక్‌ డి చెప్పే గంభీరమైన చరణాల మధ్య ఫ్లేవర్ ఫ్లావ్ మెడలో పెద్ద గడియారంతో చేసే అల్లరి ఈ పాత్రకు ప్రసిద్ధ ఉదాహరణ. హైప్ మ్యాన్ ప్రధాన గాయకుని చరణం చివరి మాటను అందుకుని రెట్టిస్తాడు, శ్రోతలను పలకరిస్తాడు, ఎగతాళి చేస్తాడు, ఊపు తగ్గకుండా చూస్తాడు.

దీనిని చిన్న పనిగా భావించేవారున్నారు. కాని మన కథాగాన సంప్రదాయాలు తెలిసినవారు అలా భావించరు. బుర్రకథలో తంబుర పట్టిన కథకునికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యము, మరొకరిది రాజకీయము. కరీంనగర్ జిల్లాలో ప్రచారంలో ఉన్న ఒగ్గు కథలో కూడా ప్రధాన కథకుని మాటకు మాట అందించి, మధ్యలో ప్రశ్న వేసి, అవసరమైతే అతనినే ఆటపట్టించే సహాయకులు లేకుండా కథ నడవదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి మహాకళాకారుని కథను విన్నవారికి వంత విలువ వేరే చెప్పనక్కరలేదు. వంత నవ్వించినప్పుడు కథ ఆగదు, శ్రోత మరింత దగ్గరకు జరుగుతాడు. కొండబోలు చేసినది ఈ వంత పనే. భేదమల్లా ఒక్కటి. బుర్రకథలో హాస్యము, రాజకీయము ఇద్దరు మనుషులకు పంచి ఉంటాయి. ఇక్కడ ముగ్గురూ ఆ రెంటినీ ఒకే శ్వాసలో కలిపేశారు. శ్రోతకు ఏది ఏదో తెలియక తికమక కలగడానికి కారణం ఇదే.

మొదటి పాట

2008లో వెలువడిన 'కాంబినేషన్ పిజ్జా హట్ అండ్ టాకో బెల్' వీరికి గుర్తింపు తెచ్చిన పాట. అంతర్జాలంలో చేతులు మారి 2009 నాటికి విస్తృతంగా వ్యాపించినది. పిజ్జా హట్, టాకో బెల్ రెండూ యమ్ బ్రాండ్స్ అనే ఒకే సంస్థకు చెందిన తినుబండారాల దుకాణాలు. అమెరికాలో కొన్నిచోట్ల రెంటినీ ఒకే కప్పు కింద నడుపుతారు. తాను పిజ్జా హట్‌లో ఉన్నానని ఒకరు, టాకో బెల్‌లో ఉన్నానని ఒకరు, రెండూ కలిసిన చోట ఉన్నానని ఇద్దరూ - ఈ కొద్దిపాటి మాటలే పాట పొడవునా తిరిగితిరిగి వస్తాయి. ఇంతకు మించి ఇందులో విషయం లేదు.

కొందరు దీనిని అర్థంలేని పిల్లచేష్ట అన్నారు. ఎక్కడ చూసినా అవే దుకాణాలు ఉన్న దేశంలో మనిషి తాను ఎక్కడ ఉన్నాడో చెప్పలేని స్థితికి ఇది చిత్రణ అని మరికొందరు అన్నారు. రెండు వాదాలూ పూర్తిగా తప్పు కావు. ఒక మాటను అర్థం అరిగిపోయేదాకా తిప్పడం, ఆ తరువాత కొత్త అర్థం పుట్టేదాకా తిప్పడం భజనలలోనూ ఉన్నదే. అయితే ఈ పాట వలన వీరికి లాభంతోపాటు చిక్కు కూడా వచ్చినది. 'ఆ పిజ్జా పాట కుర్రవాళ్ళు' అన్న ముద్ర పడినది. ఆ తరువాత వారు చేసిన పనిలో చాలా భాగం ఆ ముద్రతో పోరాడడమే.

మిక్స్‌టేపులు

2010 మార్చిలో 'షటప్, డూడ్' (నోరు మూయవోయ్), అదే సంవత్సరం సెప్టెంబరులో 'సిట్ డౌన్, మ్యాన్' (కూర్చోవయ్యా) అనే రెండు మిక్స్‌టేపులు వెలువడ్డాయి. మిక్స్‌టేప్ అన్నది పూర్వం నిజంగానే క్యాసెట్టు. ఈ కాలానికి అది అంతర్జాలంలో ఉచితంగా దింపుకొనగలిగే పాటల సంపుటికి పేరు అయినది. ఉచితంగా ఇవ్వడానికి ఔదార్యం ఒక్కటే కారణం కాదు. పాత పాట ముక్కను వాడి అమ్మాలంటే దాని హక్కుదారుకు రుసుము చెల్లించి అనుమతి పొందవలెను. కొత్తవారికి ఇది శక్తికి మించిన పని. అమ్మని పాటల జోలికి హక్కుదారులు సామాన్యంగా రారు కనుక యువ కళాకారులకు మిక్స్‌టేప్ ఒక రహదారి అయినది. సూరి స్థాపించిన గ్రీడ్‌హెడ్ అనే సంస్థ పేరుమీద ఇవి వెలువడ్డాయి.

ఈ రెండు సంపుటాలలో వీరి అసలు శక్తి కనిపిస్తుంది. ఒక చరణంలోనే హిందీ సినిమా, లాటిన్ అమెరికా రాజకీయ నాయకుడు, చిల్లర అంగడి సరుకు, వలసపాలన గురించిన విశ్వవిద్యాలయ చర్చ పక్కపక్కనే దొర్లుతాయి. 'షార్టీ సెడ్' అనే పాటలో తాము ఎవరెవరిలా ఉన్నామని అమ్మాయిలు అన్నారో వరుసగా చెప్పుకుపోతారు. వినడానికి నవ్వు వస్తుంది. ఆ జాబితా పొడుగయ్యేకొద్దీ చూసేవారి కంటికి గోధుమరంగు మనుషులందరూ ఒక్కలాగే కనబడుతున్నారన్న సంగతి తేటపడుతుంది.

'హూజ్ దట్? బ్రౌన్!' (ఎవరది? బ్రౌన్!) మరొక ముఖ్యమైన పాట. బ్రౌన్ అనగానే తెలుగువారికి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్ఫురిస్తాడు. ఇక్కడ అది చర్మపు రంగు. దీనిలోని కేక ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ వారి 'సినారియో' అనే పాటనుండి తీసుకున్నది. అక్కడ మరొక అర్థంలో వచ్చిన మాటను వీరు తమ ఉనికిని చాటే నినాదంగా మార్చుకున్నారు. పాత కాలపు వీడియో ఆట రూపంలో తయారైన దీని దృశ్యరూపం కూడా పేరు పొందినది. ఆఫ్రికన్ అమెరికన్ల కళను ఇతరులు వాడుకోవడం ఎంతవరకు న్యాయము అన్న ప్రశ్న ఇక్కడ రాక మానదు. ఆ ప్రశ్న వీరికి తెలియనిది కాదు. తాము ఎవరి ఇంట్లో అతిథులమో మరచిపోకుండా, ఆ ఇంటివారి మాటలను వారి పేరుతోనే స్మరిస్తూ పాడడం వీరి పద్ధతి.

'హహహహ జేకే?' అనే పాట పేరు గమనించదగినది. ఆంగ్లంలో 'జేకే' అంటే 'ఊరికే అన్నాను' అనడానికి పొడి అక్షరాలు. చివర ప్రశ్నార్థకం ఉన్నది. అంటే ఊరికే అన్నామా అని వారే తిరిగి అడుగుతున్నారు. విమర్శకులు వేసే ప్రశ్నను వారికంటే ముందే పాటగా కట్టివేసినారన్నమాట. వ్యాజస్తుతి, వ్యాజనింద తెలిసిన తెలుగువారికి ఇది కొత్త కాదు. ధర్మపురి శేషప్ప తన నరసింహునితో వాదులాడితే ఎవరూ దానిని వేళాకోళం అనలేదు. శతకానికి దొరికిన ఆ సదుపాయం వీరి పాటకు వెంటనే దొరకలేదు.

రిలాక్స్

2011 సెప్టెంబరులో 'రిలాక్స్' (తేలికపడు) అనే ఆల్బము గ్రీడ్‌హెడ్ ద్వారానే వెలువడినది. వీరు శ్రోతలనుండి డబ్బు అడిగినది ఇదే మొదటిసారి. మూడు సంపుటాల పేర్లూ ఎదుటివారికి ఇచ్చే ఆజ్ఞలే కావడం విశేషము. ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నది శ్రోతకే వదిలారు. గట్టిగా మాట్లాడే వలసదారు బిడ్డ సామాన్యంగా వినే మాటలు కూడా అవే.

ఈ ఆల్బములో డిప్లో, వాంపైర్ వీకెండ్ బృందానికి చెందిన రోస్తమ్ బాత్మాన్‌గ్లిజ్ వంటివారు బాణీలలో పాలుపంచుకున్నారు. ఎల్-పి, డానీ బ్రౌన్, డెస్పాట్ అతిథులుగా గొంతు కలిపారు. 'పంజాబీ సాంగ్' అనే పాటలో భాంగ్రా గాయకుడు బిక్రమ్ సింగ్ పాడినాడు. పంజాబీ తెలియని శ్రోతకోసం ఎక్కడా అనువాదం ఇవ్వకపోవడం గమనార్హము. 'మైకెల్ జాక్సన్' అనే పాటకు తీసిన వీడియో జాక్సన్ వారి 'బ్లాక్ ఆర్ వైట్' దృశ్యాలకు వికటానుకరణ. 2011 నవంబరులో స్పిన్ పత్రిక వీరిని ముఖచిత్రంగా వేసినది. అదే నెలలో కోనన్ ఓబ్రియన్ టెలివిజన్ కార్యక్రమంలో పాడారు.

అయితే మిక్స్‌టేపులకు వచ్చినంత ప్రశంస ఆల్బముకు రాలేదు. బాణీల నునుపు పెరిగినది, మాటల గరుకుదనం కొంత తగ్గినది. ముందటి సంపుటాలతో పోల్చి చూస్తే 'సిట్ డౌన్, మ్యాన్' వీరి ఉత్తమ కృతిగా నిలుస్తుంది. వీరి గురించి తెలుసుకోదలచినవారు అక్కడ మొదలుపెట్టడం మేలు.

విడిపోవడం

ఆల్బము తరువాత వీరు సోనీ అనుబంధ సంస్థ మెగాఫోర్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. తరువాతి ఆల్బము ఆ సంస్థ ద్వారా రావలసి ఉండినది. 2012లో సూరి, వాస్క్వెజ్ ఇద్దరూ విడివిడిగా మిక్స్‌టేపులు విడుదల చేశారు. సూరి 'నెహ్రూ జాకెట్స్' ఈ సంవత్సరం మొదట్లో వెలువడినదే. 2012 డిసెంబరు మొదట్లో జర్మనీలోని మ్యూనిచ్ నగరంలో జరిగిన ఒక సంగీతోత్సవంలో సూరి ఒంటరిగా వేదిక ఎక్కి బృందం ఇక లేదని ప్రకటించాడు. తాను రెండు నెలల ముందే తప్పుకున్నానని వాస్క్వెజ్ తెలియజేశాడు. అనుకున్న ఆల్బము రాలేదు. పెద్ద సంస్థ వారి ఒప్పందం చేతికి వచ్చిన తరువాత, దానిని అనుభవించక ముందే బృందం ముగిసినది.

తరువాత

సూరి 2015లో 'ఈట్ ప్రే థగ్' ఆల్బము వెలువరించాడు. 2001 దాడి తరువాత తన ఇంటిచుట్టూ కమ్ముకున్న భయం, ఇళ్ళముందు అమెరికా జెండాలు కట్టుకొని తమ విధేయతను చాటుకోవలసి వచ్చిన కుటుంబాల అవస్థ ఇందులో మొదటిసారి నవ్వు ముసుగు లేకుండా వినిపిస్తాయి. ఆ తరువాత పాకిస్తానీ మూలాలున్న బ్రిటిష్ నటుడు, ర్యాపర్ రిజ్ అహ్మద్‌తో కలిసి 'స్వెట్ షాప్ బాయ్స్' పేరుతో 2016లో 'క్యాష్‌మియర్' ఆల్బము చేశాడు. విభజన రేఖకు ఇరువైపుల మూలాలున్నవారు ఇద్దరు ఒక బృందంగా పాడడం వలన ఉభయ దేశాల యువతనూ ఇది ఆకర్షించినది. 2024లో 'లఫందర్' వెలువడినది. వాస్క్వెజ్ '51', 'పామ్ వైన్ డ్రింకర్డ్' మొదలుగా అనేక సంపుటాలు విడుదల చేశాడు. రెండవదాని పేరు నైజీరియా రచయిత ఆమోస్ టుటువోలా నవలనుండి తీసుకున్నది.

అశోక్ కొండబోలు పాటవైపు వెళ్ళలేదు. మాటే అతని విద్య. ఈస్ట్ విలేజ్ రేడియోలో డెస్పాట్, లకుటిస్ అనే ర్యాపర్లతో కలిసి 'చిల్లిన్ ఐలండ్' అనే కార్యక్రమం నడిపాడు. నగరంలో పెరిగిన ర్యాపర్లను అడవులకు, చిత్తడి నేలలకు తీసుకువెళ్ళి తీరికగా ముచ్చటించే రూపంలో ఇదే పేరుతో 2021 డిసెంబరులో హెచ్‌బీఓ ఒక ధారావాహికను ప్రసారం చేసినది. అన్న హరితో కలిసి వేదికమీద, పాడ్‌కాస్టులలో సంభాషణ కార్యక్రమాలు కూడా చేశాడు. 'ది సింప్సన్స్' అనే కార్టూన్ ధారావాహికలోని అపు అనే భారతీయ దుకాణదారు పాత్రకు హాంక్ అజేరియా అనే శ్వేతజాతి నటుడు వెక్కిరింపు యాసతో గొంతు ఇవ్వడాన్ని ప్రశ్నిస్తూ హరి 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. 2020 జనవరిలో ఆ నటుడు ఇకమీద ఆ పాత్రకు గొంతు ఇవ్వబోనని ప్రకటించాడు.